రసీదు ఇస్తారా?

పరాయి దేశంలో అధికారి చెయ్యి చాచితే ఏం చెయ్యాలి? ఇచ్చేసి బయటపడాలా, ఎదురు నిలవాలా? చదువుకని ఒకరు, కొలువుకని ఒకరు, విహారానికని ఇంకొకరు దేశాలు దాటుతున్న ఈ రోజుల్లో ప్రతి తెలుగింటికీ తెలిసి ఉండాల్సిన సంగతులివి.

థాయ్‌లాండ్ నుంచి రోడ్డు మార్గంలో కంబోడియా వెళ్లేవాళ్లు పోయ్‌పేట్ అనే ఊళ్లో సరిహద్దు దాటేవారు. అంగ్‌కోర్ వాట్ గుడి చూడాలని బ్యాంకాక్‌లో బస్సెక్కిన యాత్రికులు ఏళ్ల తరబడి అక్కడే దిగి వీసా తీసుకున్నారు. పర్యాటక వీసాకు 30 డాలర్లని గోడ మీద రాసి ఉండేది. ఆ రాతకిందే కూర్చున్న అధికారి 30 డాలర్లకు తోడు ఇంకో వందో, రెండొందలో, మూడొందలో థాయ్ బాత్‌లు అడిగేవాడు. ఎందుకని అడిగితే జవాబు ఉండదు. ఇవ్వనంటే పాస్‌పోర్టును పక్కన పెట్టేవాడు. బయట బస్సు కదలడానికి సిద్ధంగా ఉంటుంది. వెనకవాళ్లు అడిగినంత ఇచ్చి ముందుకెళ్లిపోతుంటారు. పిల్లాడు నీళ్లంటాడు, పెద్దావిడ నిలబడలేనంటుంది. చివరికి ఎంత పట్టుదల ఉన్న మనిషైనా జేబులో చెయ్యి పెట్టేవాడు.

2025లో రెండు దేశాల మధ్య ఘర్షణలతో ఆ దారి మూతపడింది. కానీ ఆ అడిగే తీరు ఒక్క పోయ్‌పేట్‌ది కాదు. కంబోడియా, లావోస్ మధ్య సరిహద్దులో స్టాంపు వేయడానికి 2 డాలర్లు అడగడం, కొన్ని విమానాశ్రయాల్లో సామాను తనిఖీ దగ్గర ‘కాఫీకి ఏమైనా’ అనడం, రాత్రిపూట స్కూటర్ ఆపి ‘స్టేషన్‌కు వస్తావా, ఇక్కడే తేల్చుకుందామా’ అనడం అన్నీ ఆ కోవలోవే.

ఎక్కడ జరిగినా దాని నడక ఒక్కటే. లంచమడిగే అధికారికి మన తొందర కావాలి. మన కాగితాల్లో ఒక లొసుగు కావాలి. చూసేవాళ్లు లేని చోటు కావాలి. వీటిలో మొదటి రెండింటినీ విమానం ఎక్కకముందే అతనికి అందకుండా చేయొచ్చు. పరాయి దేశంలో నిజాయతీగా నిలబడే ధైర్యం ఇంట్లో సర్దుకున్న కాగితాల నుంచే వస్తుంది.

దారులు మారాయి

ఒకప్పుడు విదేశమంటే మనకు అమెరికానే. అక్కడి విమానాశ్రయంలో దిగినవాళ్లకు ప్రశ్నలు వేసే అధికారి ఎదురవుతాడు కానీ, డబ్బు అడిగేవాడు ఎదురుకావడం చాలా అరుదు. ఇప్పుడు మనవాళ్ల దారులు నలుదిక్కులకూ పరుచుకున్నాయి. వైద్యవిద్య కోసం పిల్లలు ఫిలిప్పీన్స్, కిర్గిజ్‌స్తాన్, కజకిస్తాన్, జార్జియా వెళ్తున్నారు. శ్రీకాకుళం, విశాఖ జిల్లాల యువకులు సరకు ఓడల్లో పనిచేస్తూ ఆఫ్రికా, దక్షిణ అమెరికా రేవుల్లో లంగరు వేస్తున్నారు. జగిత్యాల, నిజామాబాద్, కోనసీమ, కడప ప్రాంతాలవాళ్లు గల్ఫ్‌లో కష్టపడుతున్నారు. వేసవి సెలవులంటే బ్యాంకాక్, బాలి, వియత్నాం అనే కుటుంబాలు చిన్న పట్టణాల్లో కూడా ఉన్నాయి.

ట్రాన్స్‌పరెన్సీ ఇంటర్నేషనల్ అనే సంస్థ 1995 నుంచి ఏటా అవినీతి సూచీ వెలువరిస్తోంది. ఒక దేశ ప్రభుత్వ యంత్రాంగం ఎంత శుభ్రంగా ఉందని నిపుణులు, వ్యాపారవర్గాలు భావిస్తున్నాయో నూటికి మార్కులేసి చెప్పే లెక్క అది. 180 దేశాలున్న 2024 సూచీలో డెన్మార్క్‌కు 90, సింగపూర్‌కు 84, యూఏఈకి 68 వచ్చాయి. మన దేశానికి 38, థాయ్‌లాండ్‌కు 34, కంబోడియాకు 21. అట్టడుగున దక్షిణ సూడాన్‌కు 8. ఒకే వారంలో సింగపూర్, బ్యాంకాక్ రెండూ చుట్టొచ్చే కుటుంబం రెండు భిన్నమైన వ్యవస్థల్లో తిరుగుతోందన్నమాట. ఈ తేడా తెలియకుండా ‘ఎక్కడైనా డబ్బుతో పనైపోతుంది’ అనుకోవడం ఎంత పెద్ద పొరపాటో ముందుముందు చూద్దాం.

అడగడానికి వెయ్యి సాకులు

లంచం లంచమనే పేరుతో రాదు. జరిమానాగా వస్తుంది, సాయంగా వస్తుంది, ఒక్కోసారి బెదిరింపుగా వస్తుంది.

బాలిలో 2013లో ఒక డచ్ జర్నలిస్టు హెల్మెట్ లేకుండా స్కూటర్ నడిపి పోలీసుకు చిక్కాడు. ఆ పోలీసు 2 లక్షల ఇండోనేషియా రుపయ్యాలు తీసుకుని, అందులో కొంత పెట్టి బీరు తెప్పించి, ఆ జర్నలిస్టుతోనే కలిసి తాగాడు. రహస్య కెమెరాలో అదంతా రికార్డయి ప్రపంచమంతా చూసింది. ఆ వీడియో నవ్వు తెప్పిస్తుంది కానీ అందులో గమనించాల్సింది వేరే ఉంది. పోలీసు పట్టుకున్న తప్పు నిజమైనదే. హెల్మెట్ లేదు. లంచం ఆ నిజమైన తప్పు మీదే మొలిచింది.

బ్యాంకాక్‌లోనూ అదే కథ. 2023 జనవరిలో తైవాన్ నటి ఛార్లీన్ ఆన్ ప్రయాణిస్తున్న కారును పోలీసులు ఒక చెక్‌పోస్టు దగ్గర ఆపారు. ఈ-సిగరెట్ దొరికిందంటూ చాలాసేపు నిలబెట్టి 27,000 బాత్‌లు తీసుకున్నారని ఆమె బయటపెట్టారు. పోలీసులు మొదట అదేమీ లేదన్నారు. గొడవ పెద్దదయ్యాక విచారణ జరిగి, సంబంధిత పోలీసుల మీద చర్యలు మొదలయ్యాయి. థాయ్‌లాండ్‌లో ఈ-సిగరెట్లు నిషిద్ధం. ఈ సంగతి తెలియని పర్యాటకుడు తన బ్యాగులోనే సాకును మోసుకెళ్తున్నట్టు.

అసలు తప్పే లేకపోయినా పుట్టించిన సందర్భాలున్నాయి. 2015లో మనీలా విమానాశ్రయంలో ప్రయాణికుల బ్యాగుల్లో తుపాకీ తూటాలు దొరకడం మొదలైంది. ఫిలిప్పీన్స్‌లో అనుమతి లేకుండా తూటా ఉండటం నేరం. తనిఖీ సిబ్బందే తూటాలు వేసి డబ్బు గుంజుతున్నారన్న ఆరోపణలతో దేశమంతా అట్టుడికింది. ప్రయాణికులు సూట్‌కేసులకు చుట్టూ ప్లాస్టిక్ చుట్టించుకుని మరీ విమానం ఎక్కారు. కొందరు సిబ్బందిపై కేసులు పెట్టాలని అక్కడి దర్యాప్తు సంస్థ సిఫారసు చేసింది. అదే విమానాశ్రయంలో 2023లో ఒక తనిఖీ ఉద్యోగిని ప్రయాణికుడి 300 డాలర్లు కాజేసి, దొరికిపోతానని నోట్లను మింగుతూ సీసీ కెమెరాకు చిక్కింది.

సాయం రూపంలో వచ్చేది ఇంకో రకం. బాలి విమానాశ్రయంలో వృద్ధులు, పిల్లల తల్లుల కోసం పెట్టిన ప్రత్యేక ఇమ్మిగ్రేషన్ వరసను డబ్బిచ్చినవాళ్లకు అమ్ముకుంటున్నారని 2023 నవంబర్‌లో అక్కడి ప్రాసిక్యూటర్లు దాడి చేసి కొందరు సిబ్బందిని అదుపులోకి తీసుకున్నారు. మనిషికి లక్ష నుంచి రెండున్నర లక్షల రుపయ్యాల దాకా వసూలు చేశారన్నది ఆరోపణ. ‘లైన్ లేకుండా పంపిస్తా’ అని పక్కకు వచ్చి మాట్లాడే మనిషి కనిపిస్తే మన ప్రాణం లేచొస్తుంది. ఆ వరస ఒక వృద్ధురాలిదని మాత్రం గుర్తుకు రాదు.

ఆఫ్రికా వెళ్లేవాళ్లకు ఎల్లో ఫీవర్ టీకా కార్డు ఉంటుంది. పదేళ్లు దాటిందని, గడువు తీరిందని కొన్నిచోట్ల భయపెడతారు. 2016 జూలై 11 నుంచి ఆ టీకా ధ్రువపత్రం జీవితాంతం చెల్లుతుందని అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనలే చెబుతున్నాయి. ఈ ఒక్క తేదీ తెలిసిన ప్రయాణికుడి దగ్గర ఆ సాకు చెల్లదు.

ఇక అసలు పోలీసులే కానివాళ్లు. బిష్కెక్‌లోని ఓష్ బజార్ పరిసరాల్లో మామూలు దుస్తుల్లో వచ్చి, పోలీసులమని చెప్పి, పర్సు చూపించమనే వాళ్ల గురించి గైడ్ పుస్తకాలు చాలాకాలంగా హెచ్చరిస్తున్నాయి. ఆ ఊళ్లో మన తెలుగు పిల్లలు డాక్టరీ చదువుతున్నారు. పర్సు, ఒరిజినల్ పాస్‌పోర్టు రోడ్డు మీద ఎవరి చేతికీ ఇవ్వొద్దని పంపించేటప్పుడే చెప్పాలి.

ఆ కుర్చీ వెనక ఎవరున్నారు?

ఎదురుగా కూర్చున్న మనిషి దురాశాపరుడని కోప్పడటం తేలిక. కానీ అతని వెనక పెద్ద గొలుసు ఉంటుంది. రాబర్ట్ వేడ్ అనే పరిశోధకుడు దక్షిణ భారతంలోని కాలువల నీటిపారుదల శాఖను దగ్గర నుంచి చూసి 1982లో ఒక అధ్యయనం ప్రచురించాడు. ఇంజినీరు మంచి చోటికి బదిలీ కావాలంటే పైవాళ్లకు డబ్బు కట్టాలి. కట్టినది రాబట్టాలంటే కాంట్రాక్టర్ల దగ్గర, రైతుల దగ్గర వసూలు చెయ్యాలి. అందులో మళ్లీ పైకి వాటా వెళ్లాలి. సరిహద్దు చెక్‌పోస్టు కుర్చీకి ఈ లెక్క సరిగ్గా సరిపోతుంది. జీతం చాలని ఉద్యోగి, ఖరీదు కట్టి తెచ్చుకున్న పోస్టింగు, రోజూ వందలమంది దాటే గేటు. మనిషికి 2 డాలర్లే కదా అనుకుంటాం కానీ సాయంత్రానికి అది పెద్ద మొత్తం.

ఇండోనేషియాలోని ఆచే ప్రాంతంలో బెంజమిన్ ఓల్కెన్, పాట్రిక్ బారన్ అనే ఇద్దరు చేయించిన పరిశోధన ఇంకో రహస్యం విప్పింది. 2005 నవంబర్ నుంచి 2006 జూలై వరకు వాళ్ల మనుషులు లారీ డ్రైవర్ల పక్కన కూర్చుని 304 ట్రిప్పులు తిరిగారు. దారిలో పోలీసులకు, సైనికులకు, తూకం కేంద్రాలవాళ్లకు ఇచ్చిన 6,000కు పైగా మామూళ్లను కళ్లారా చూసి రాసుకున్నారు. లారీ ప్రయాణ ఖర్చులో సగటున 13 శాతం ఆ మామూళ్లే. తుపాకీ కనిపించేలా పట్టుకున్నచోట డ్రైవర్లు ఎక్కువ ఇచ్చారు. గమ్యం దగ్గరపడే కొద్దీ రేటు పెరిగింది, ఎందుకంటే అంతదూరం వచ్చిన లారీ వెనక్కి తిరిగిపోలేదు. కొన్ని చెక్‌పోస్టులు ఎత్తేశాక మిగిలినవి రేటు పెంచేశాయి.

ప్రయాణికుడికి ఇందులో గొప్ప పాఠం ఉంది. లంచం ధర మన అవసరాన్ని బట్టి నిర్ణయమవుతుంది. విమానానికి గంట మాత్రమే ఉన్నవాడికి ఒక రేటు, పొద్దంతా కూర్చోగలిగినవాడికి మరో రేటు. మన దగ్గర సమయం ఉందని ఎదుటివాడికి అర్థమైన క్షణంలో అతని బేరం బలహీనపడుతుంది.

మనంతట మనం ఇవ్వజూపితే?

ప్రయాణ సలహాల్లో అత్యంత ప్రమాదకరమైనది ‘పాస్‌పోర్టులో ఒక నోటు పెట్టి ఇవ్వండి, పనైపోతుంది’ అనేది. పెద్దలు, స్నేహితులు మంచి మనసుతోనే చెబుతారు. ఆ మాట విన్న మనిషిని అది జైలుకు పంపగలదు.

సింగపూర్‌ను చూడండి. 1951లో అక్కడ సుమారు 800 కిలోల నల్లమందు దోపిడీలో పోలీసు డిటెక్టివులకే చెయ్యి ఉందని తేలింది. దాంతో 1952లో పోలీసులతో సంబంధం లేని అవినీతి నిరోధక సంస్థను పెట్టారు. 1960లో కఠినమైన చట్టం తెచ్చారు. దాని కింద లంచం ఇచ్చినా, తీసుకున్నా, ఇవ్వజూపినా లక్ష సింగపూర్ డాలర్ల దాకా జరిమానా, 5 ఏళ్ల దాకా జైలు, లేదా రెండూ. ట్రాఫిక్ తప్పుకు దొరికి పోలీసు చేతిలో యాభై డాలర్ల నోటు పెట్టబోయిన విదేశీయులు కటకటాల వెనక్కి వెళ్లిన ఉదంతాలున్నాయి. రవాణా మంత్రిగా చేసిన ఎస్.ఈశ్వరన్‌కు ఖరీదైన కానుకలు తీసుకున్న కేసులో 2024 అక్టోబర్‌లో కోర్టు 12 నెలల జైలు శిక్ష వేసింది. మంత్రినే వదలని చోట మనల్ని వదులుతారా?

యూఏఈలోనూ అధికారికి డబ్బు ఇవ్వజూపడం జైలు శిక్ష పడే నేరం. అక్కడ కేసు పడితే ఉద్యోగం, వీసా రెండూ పోతాయి. అప్పు చేసి గల్ఫ్ వెళ్లిన మనిషికి అంతకంటే పెద్ద నష్టం లేదు.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. విదేశీ అధికారులకు లంచమివ్వడాన్ని అమెరికా 1977లోనే నేరం చేసింది. రొటీన్ పని త్వరగా జరగడానికిచ్చే చిన్న మొత్తాలకు ఆ చట్టంలో కొంత మినహాయింపు ఉంది. 2011 జూలైలో అమల్లోకి వచ్చిన బ్రిటన్ లంచాల చట్టంలో ఆ మినహాయింపు కూడా లేదు. కంపెనీ పని మీద వెళ్లి కస్టమ్స్‌లో ల్యాప్‌టాప్ విడిపించుకోవడానికి ఇచ్చిన కొద్ది డబ్బు కంపెనీ మెడకు చుట్టుకోవచ్చు, దాంతో ఉద్యోగమే పోవచ్చు. అలాంటి ఒత్తిడి ఎదురైతే వెంటనే కంపెనీకి తెలియజేయడమే రక్ష.

మన చట్టం? 1988 నాటి అవినీతి నిరోధక చట్టాన్ని 2018లో సవరించాక లంచమిచ్చినవాళ్లూ నేరస్థులే. బలవంతంగా ఇవ్వాల్సి వస్తే 7 రోజుల్లోగా అధికారులకు చెప్పాలి. విదేశీ అధికారులకు లంచమివ్వడాన్ని నేరం చేసే బిల్లు 2011లో పార్లమెంటు ముందుకొచ్చింది కానీ చట్టం కాకుండానే మురిగిపోయింది. అదే ఏడాది మన దేశం ఆమోదించిన ఐక్యరాజ్యసమితి అవినీతి వ్యతిరేక ఒడంబడిక అలాంటి చట్టం ఉండాలంటోంది. ఆ లోటును పూడ్చమని మన ఎంపీలను అడిగే హక్కు మనకుంది.

సగం పని ఇంట్లోనే

వెళ్లే దేశం వీసా ఎంత, ఏయే రుసుములున్నాయి అన్నది ఆ దేశ ప్రభుత్వ అధికారిక వెబ్‌సైట్‌లో చూసి కాగితం మీద ముద్రించుకోవాలి. ఈ-వీసా ఉంటే అదే తీసుకోవాలి. డబ్బు ఇంటి నుంచే చెల్లించాక కౌంటర్‌లో బేరానికి చోటు తగ్గుతుంది. పాస్‌పోర్టు గడువు కనీసం ఆరు నెలలుండాలి. తిరుగు టికెట్, హోటల్ బుకింగ్, బీమా కాగితాలు ఫోన్‌లోనే కాకుండా చేతిలోనూ ఉండాలి. ఫొటోలు రెండు మూడు పెట్టుకోవాలి. ఫొటో లేదన్న సాకుతో డాలర్లు గుంజే సరిహద్దులున్నాయి.

ఆఫ్రికా, దక్షిణ అమెరికా దేశాలకు ఎల్లో ఫీవర్ టీకా కావాలంటే ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందే వేయించుకోవాలి. టీకా వేసిన 10 రోజుల తర్వాతే కార్డు చెల్లుతుంది. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో ఆ టీకా వేస్తారు. మందులు తీసుకెళ్లేవాళ్లు డాక్టరు చీటీ వెంట ఉంచుకోవాలి. ట్రమడాల్, కోడీన్ లాంటి నొప్పి, దగ్గు మందులు గల్ఫ్, ఈజిప్టుల్లో నియంత్రిత జాబితాలో ఉన్నాయి. అమ్మ కోసం ఇక్కడ మామూలుగా కొన్న మాత్ర అక్కడ కేసవుతుంది.

స్కూటర్ నడపాలనుకుంటే ఆర్టీవో కార్యాలయంలో అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోవాలి. ఫీజు 1,000 రూపాయలు, గడువు ఏడాది. అందులో ద్విచక్ర వాహనం ఉందో లేదో చూసుకోవాలి. కారుకు మాత్రమే ఉన్న పర్మిట్‌తో బాలిలో స్కూటర్ ఎక్కితే పోలీసుకు నిజమైన తప్పు దొరికినట్టే, ప్రమాదం జరిగితే బీమా రానట్టే.

గల్ఫ్ కార్మికుల విషయంలో ఈ జాగ్రత్త బతుకు సమస్య. పదో తరగతి పాస్ కానివాళ్లు 18 దేశాలకు పనికి వెళ్లాలంటే ప్రభుత్వ ఎమిగ్రేషన్ అనుమతి ఉండాలి. దాన్ని తప్పించడానికి ఏజెంట్లు విజిట్ వీసా మీద పంపేస్తారు. ‘ఎయిర్‌పోర్టులో మనవాళ్లున్నారు, దాటిస్తారు’ అంటారు. అలా దాటిన మనిషి అక్కడ ఎవరి ముందూ నోరెత్తలేడు. యజమాని జీతమివ్వకపోయినా, పోలీసు ఆపినా, బ్రోకరు మళ్లీ డబ్బడిగినా భరించాల్సిందే. మొదటి లంచం ఇక్కడే పడింది కాబట్టి తర్వాతి లంచాలన్నీ అక్కడ తప్పవు. వలస వెళ్లే మనిషికి సక్రమమైన వీసాను మించిన కవచం లేదు.

కౌంటర్ ముందు ఎలా ఉండాలి?

మర్యాద తప్పకూడదు. గొంతు పెంచితే అధికారి అహం దెబ్బతింటుంది, అతని తోటివాళ్ల ముందు వెనక్కి తగ్గలేడు. నమస్కారం పెట్టి, చిరునవ్వుతో, నిదానంగా మాట్లాడాలి. ‘సర్, తప్పకుండా కడతాను. రసీదు ఇస్తారా?’ అని అడగాలి. చాలా బేరాలు ఇక్కడే ఆగిపోతాయి. నిజమైన జరిమానా అయితే రసీదు వస్తుంది, అది కట్టాల్సిందే. నిజంగా హెల్మెట్ లేకపోతే, వేగం మించితే, చట్టప్రకారం కట్టడం మన బాధ్యత. సగానికి మాట్లాడుకుందామని మనం అడిగితే లంచం మొదలుపెట్టింది మనమే అవుతాం.

రసీదు ఇవ్వనంటే ఏ నిబంధన కింద ఈ రుసుమో రాసి ఇమ్మని, పై అధికారితో మాట్లాడతానని, అవసరమైతే స్టేషన్‌కే వచ్చి కడతానని చెప్పాలి. ముద్రించి తెచ్చుకున్న రుసుముల కాగితం చూపించాలి. మనకు తొందర లేదన్నట్టు పక్కన కూర్చోవాలి. ఇందుకోసమే సరిహద్దుకు, విమానాశ్రయానికి చాలా ముందుగా చేరుకోవాలి. సమయం మన దగ్గర ఉన్నంతసేపూ బలం మనదే. కుటుంబంలో ఒక్కరే మాట్లాడాలి, మిగిలినవాళ్లు దగ్గర్లోనే కనిపిస్తూ ఉండాలి.

డబ్బు ఒకేచోట పెట్టకూడదు. లావుగా ఉన్న పర్సు తెరిచి చూపిస్తే రేటు మనమే పెంచినట్టు. అధికారి పేరు, బ్యాడ్జి నంబరు, చోటు, సమయం గుర్తుపెట్టుకుని తర్వాత రాసుకోవాలి. ఫోన్ తీసి వీడియో తీయాలన్న ఆవేశం వద్దు. యూఏఈ లాంటి దేశాల్లో అనుమతి లేకుండా మనుషుల్ని చిత్రీకరించడమే నేరం, ఇమ్మిగ్రేషన్ కౌంటర్ల దగ్గర చాలాచోట్ల కెమెరా నిషిద్ధం. మధ్యలో దూరి ‘నేను చూసుకుంటా’ అనే బ్రోకరును అసలు దగ్గరికి రానివ్వకూడదు. అధికారి అడగని డబ్బు కూడా అధికారి పేరు చెప్పి తీసుకునేది ఆ బ్రోకరే.

ప్రాణం ముందు, సూత్రం తర్వాత

చీకటి రోడ్డు, తుపాకీ, ఒంటరి మనిషి, పక్కన చంటిబిడ్డ. ఇలాంటి చోట వాదించాలని ఎవరూ చెప్పరు, చెప్పకూడదు. ఇచ్చి బయటపడండి. బ్రిటన్ చట్టం విషయంలో కూడా ప్రాణానికి, శరీరానికి ముప్పు ఉన్నప్పుడు ఇచ్చినదాన్ని వేరుగా చూస్తారు. అది లంచం కాదు, దోపిడీ. దోపిడీకి గురైనవాళ్లు సిగ్గుపడాల్సిన పనిలేదు. మౌనంగా ఉండిపోవద్దని మాత్రమే ప్రతి ఒక్కరికీ మనవి.

థాయ్‌లాండ్‌లో టూరిస్టు పోలీసుల నంబరు 1155. ఏ దేశమైనా వెళ్లేముందు భారత రాయబార కార్యాలయం అత్యవసర నంబరు ఫోన్‌లోనూ, కాగితం మీదా రాసుకోవాలి. అదుపులోకి తీసుకుంటే ‘మా ఎంబసీకి తెలియజేయండి’ అనడం మన హక్కు. 1963 నాటి వియన్నా కాన్సులర్ ఒడంబడికలోని 36వ అధికరణం ఆ హక్కు ఇచ్చింది. పాకిస్తాన్ నిర్బంధంలో ఉన్న భారతీయుడు కుల్‌భూషణ్ జాధవ్ కేసులో 2019 జూలైలో అంతర్జాతీయ న్యాయస్థానం ఆ దేశాన్ని తప్పుపట్టింది ఆ అధికరణం ఆధారంగానే. అర్థంకాని భాషలో రాసిన కాగితం మీద సంతకం పెట్టొద్దు.

ఇబ్బంది పడినవాళ్లు విదేశాంగ శాఖ 2015లో ప్రారంభించిన ‘మదద్’ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయొచ్చు. న్యాయసాయం కోసం రాయబార కార్యాలయాల దగ్గర భారతీయ సమాజ సంక్షేమ నిధి ఉంది. ఆంధ్రప్రదేశ్‌వాళ్లకు ప్రవాసాంధ్రుల సంస్థ ఏపీఎన్‌ఆర్‌టీఎస్ ఉంది. ఒక్క ఫిర్యాదుతో ఏమవుతుందని అనుకోవద్దు. తైవాన్ నటి ఒక్క మాట బయటపెడితేనే బ్యాంకాక్ పోలీసు శాఖ కదిలింది.

మారని దేశం లేదు

‘ఆ దేశాలంతే’ అనేవాళ్లకు జార్జియా జవాబు. 2003 అవినీతి సూచీలో ఆ దేశానికి పదికి 1.8 మార్కులొచ్చాయి. రోడ్డు మీద ట్రాఫిక్ పోలీసుకు డబ్బివ్వకుండా వాహనం కదిలేది కాదు. కొత్త ప్రభుత్వం వచ్చాక ట్రాఫిక్ పోలీసు వ్యవస్థనే రద్దు చేసి వేలమందిని ఇంటికి పంపేసింది. కొత్తవాళ్లను తీసుకుని, మంచి జీతాలిచ్చి, లోపల ఏం జరుగుతోందో బయటికి కనిపించేలా అద్దాల గోడలతో పోలీసు స్టేషన్లు కట్టింది. 2012 సూచీలో జార్జియాకు నూటికి 52 వచ్చాయి. ఇవాళ అక్కడ చదివే మన పిల్లలు ఆ మార్పు ఫలితాన్ని అనుభవిస్తున్నారు.

సూయజ్ కాలువలో ఓడలవాళ్ల దగ్గర సిగరెట్ కార్టన్లు అడగడం ఎంత మామూలైపోయిందంటే నావికులు దాన్ని ‘మార్ల్‌బొరో కెనాల్’ అని పిలిచేవారు. ఒక ఓడ ఇవ్వనంటే దాన్ని ఆపేస్తారు. అందుకని షిప్పింగ్ కంపెనీలు 2011లో మారిటైమ్ యాంటీ కరప్షన్ నెట్‌వర్క్‌గా ఏర్పడ్డాయి. 2015లో సూయజ్‌లో అందరం కలిసి ‘ఇవ్వం’ అని చెబుదామని నిర్ణయించుకున్నాయి. ఆ కంపెనీల ఓడలు అదే మాట చెప్పడంతో అడగడం తగ్గింది. అర్జెంటీనాలో ధాన్యం ఎక్కించేముందు ఓడ గది శుభ్రంగా లేదంటూ డబ్బు గుంజే తనిఖీదారులుండేవారు. 2017లో తనిఖీ నిబంధనలే మారిపోయాయి, డబ్బు అడగడం బాగా తగ్గింది. శ్రీకాకుళం కుర్రాడు ఇవాళ ఆ రేవుల్లో కాస్త తలెత్తుకుని నిలబడుతున్నాడంటే కారణం ఆ ఐకమత్యం.

మనిషి స్వభావం మారుతుందా అన్నవాళ్లకు న్యూయార్క్ చెప్పిన సాక్ష్యం ఉంది. ఐక్యరాజ్యసమితిలో పనిచేసే దౌత్యవేత్తలు పార్కింగ్ జరిమానాలు కట్టకపోయినా 2002 దాకా ఎవరూ ఏమీ చేయలేకపోయారు. 1997 నుంచి 2002 వరకు కట్టని చలాన్లు లక్షా యాభై వేలు దాటాయి. రేమండ్ ఫిస్మన్, ఎడ్వర్డ్ మిగ్వెల్ అనే ఆర్థికవేత్తలు వాటిని లెక్కగట్టారు. అవినీతి ఎక్కువున్న దేశాల దౌత్యవేత్తలే ఎక్కువ ఎగ్గొట్టారు. నార్వే, స్వీడన్‌వాళ్ల పేరిట ఒక్కటి కూడా లేదు. 2002 చివర్లో నగరం వాళ్ల ప్రత్యేక నంబరు ప్లేట్లు తీసేయడం మొదలుపెట్టగానే ఉల్లంఘనలు దాదాపు 98 శాతం పడిపోయాయి. అలవాట్లు మనతోపాటే సరిహద్దులు దాటుతాయి. గట్టి నియమం ఎదురైతే అవే అలవాట్లు కొద్ది నెలల్లో మారతాయి.

అందుకే ఈ విషయం మన ఊరి నుంచీ మొదలవుతుంది. తహసీల్దారు కార్యాలయంలో, పాస్‌పోర్టు పోలీసు వెరిఫికేషన్‌లో ‘ఎంతో కొంత ఇచ్చేస్తే పోతుంది’ అని పిల్లల ముందు అన్న మాట ఆ పిల్లలు మనీలాలోనో, బిష్కెక్‌లోనో కౌంటర్ ముందు నిలబడ్డప్పుడు పనిచేస్తుంది. చెన్నైకి చెందిన ఫిఫ్త్ పిల్లర్ అనే సంస్థ 2007లో ‘సున్నా రూపాయి’ నోటు అచ్చువేసి, లంచమడిగితే ఇది ఇవ్వండని జనానికి పంచింది. ఆ కాగితానికి విలువ లేదు, దాన్ని పట్టుకున్న మనిషి సిద్ధంగా ఉన్నాడన్న సంకేతానికే విలువ.

ప్రయాణమయ్యే ప్రతి ఒక్కరికీ ఒక విన్నపం. కాగితాలు సరిచూసుకోండి, అసలు రుసుము తెలుసుకోండి, సమయం చేతిలో పెట్టుకోండి. మీ అంతట మీరు ఎవరికీ డబ్బు ఇవ్వజూపకండి. ప్రాణం మీదికొస్తే ఇచ్చి బయటపడండి, ఆపై తప్పకుండా ఫిర్యాదు రాయండి. తిరిగొచ్చాక బంధువులకు ‘ఎంతిస్తే పనైంది’ అని చెప్పడం మానేసి, ఇవ్వకుండా ఎలా వచ్చారో చెప్పండి. మనం అక్రమంగా ఇచ్చే ప్రతి డాలరూ మన వెనక ఆ దారిలో వచ్చే విద్యార్థికి, కార్మికుడికి, నావికుడికి రేటు పెంచుతుంది. ఇవ్వకుండా నిలబడిన ప్రతిసారీ వాళ్లకు దారి కొంత తేలికవుతుంది.